మగ్గం లేని సాలీడు

ఎకరం వరికి ఎన్ని బస్తాల యూరియా పడిందో, ఎన్ని డబ్బాల మందు పడిందో రైతు దగ్గర లెక్క ఉంటుంది. దుకాణదారు ఖాతాలో అంతకంటే పక్కా లెక్క ఉంటుంది. అదే పొలంలో ఎన్ని సాలీళ్ళు ఉన్నాయో లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఈ లెక్క తెలియక పోతున్న డబ్బు రైతుది. పోతున్న ఆరోగ్యం పంపు భుజాన వేసుకున్న కూలీది. అందుకే ఈసారి ఈ శీర్షికలో ధరల గురించి, రుణాల గురించి కాక, వరి దుబ్బు మొదట్లో నీటి మీద ఉరికే ఒక చిన్న ప్రాణి గురించి రాస్తున్నాం.

వేములవాడ అనగానే బయటివాళ్ళకు రాజన్న గుడి, కోడె మొక్కు గుర్తొస్తాయి. కాని ఆ గుడి చుట్టూ ఉన్నది చెరువుల కింద, బావుల కింద, మూలవాగు పొడుగునా వరి పండించే పల్లె. చెరువు కట్ట దిగువన జాలు పట్టి ఏడాది పొడుగునా తడి ఆరని మడులు ఇక్కడ కొత్తవి కావు. 2019లో మిడ్ మానేరుకు కాళేశ్వరం నీళ్ళు వచ్చాక వరి ఇంకా పెరిగింది. ఆ జలాశయం కింద ఊళ్ళే మునిగినవారి గోడు వేరే కథ, దాన్ని వేరేగానే రాయాలి. ఇక్కడ మనకు కావలసింది ఒక్కటే. తడి పెరిగింది, వరి మీద వరి పడుతున్నది, దాంతోపాటే దోమ పెరిగింది. వానాకాలం పంట పొట్టకు వచ్చే రోజుల్లో, యాసంగిలో ఎండ ముదిరే రోజుల్లో మందుల దుకాణం ముందు నిలబడితే వినిపించే మాట ఒక్కటే: "సుడి తగిలింది, ఏం కొట్టాలె?"

దోమను తినే ప్రాణులు పొలంలో ఎన్ని ఉన్నాయని అక్కడ ఎవరూ అడగరు. అడిగితే దుకాణం నడవదు.

ఎట్లా గుర్తుపట్టాలి

ముందు పేరు సంగతి. సాలె అంటే నేసేవాడు. పక్కనే ఉన్న సిరిసిల్ల మగ్గాల ఊరు కనుక ఈ మాట ఇక్కడివారికి విడమరచి చెప్పనక్కర్లేదు. గూడు నేస్తుంది కనుక సాలీడు, సాలెపురుగు అన్నారు. పురుగు అని అలవాటుగా అంటున్నాంగాని శాస్త్రం లెక్కలో అది పురుగు కాదు. పురుగుకు కాళ్ళు ఆరు, సాలీడుకు ఎనిమిది. పురుగుకు రెక్కలు ఉండవచ్చు, సాలీడుకు ఎన్నడూ ఉండవు. తమాషా ఏమిటంటే మనం చెప్పబోయే సాలీడు నేయదు. దానికి మగ్గం లేదు. కూర్చుని వల పన్నదు, ఉరికి పట్టుకుంటుంది. ఈ రకం సాలీళ్ళ కుటుంబానికి శాస్త్రజ్ఞులు తోడేలు పేరు పెట్టారు. వేట పద్ధతిని చూసి పెట్టిన పేరు.

పొద్దున్నే మడిలో దిగండి. ఒక దుబ్బును రెండు చేతులతో విడదీసి, మొదలును అరచేత్తో మెల్లగా తట్టండి. నీటి మీద రాలి పడేవాటిలో గోధుమ రంగువి, నువ్వు గింజ కంటే కొంచెం పెద్దవి, పక్కకు పక్కకు జరిగేవి దోమలు. వాటి మధ్య నీటి తోలు తెగకుండా గబగబా ఉరికి పక్క దుబ్బు ఎక్కేది ఈ సాలీడు. ఒళ్ళు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఆడది పెద్దది, మగది కాస్త చిన్నది. రంగు బురద రంగే. అందుకే కదలకపోతే కనిపించదు. కాళ్ళ మీద ముదురు పట్టీలు, ముళ్ళ వంటి వెంట్రుకలు ఉంటాయి. అసలు గుర్తు వీపు ముందు భాగం మీద ఉంటుంది. రెండుగా చీలిన పంగలకర్ర ఆకారంలో ఒక గీత. వెనక భాగం మీద తెల్లని మచ్చలు. ఈ పంగ గుర్తు చూసుకుంటే పొలంలో పొరపాటు పడే అవకాశం తక్కువ.

భూతద్దం ఉంటే కళ్ళు చూడండి. ఎనిమిది కళ్ళు మూడు వరసల్లో ఉంటాయి. ముందు కింద నాలుగు చిన్నవి, వాటి పైన రెండు పెద్దవి, ఇంకా వెనక్కు మరో రెండు. తోడేలు సాలీళ్ళన్నిటికీ ఇదే అమరిక. వల లేకుండా చూపు మీద బతికేదానికి కళ్ళు ఉండవలసిందే.

ఆడదాన్ని గుర్తుపట్టడం మరీ తేలిక. గుడ్ల సంచిని నడుముకు కట్టుకున్న మూటలా వెనక అంటించుకుని తిరుగుతుంది. వేటకు పోయినా మూట వదలదు. పిల్లలు బయటికి రాగానే తల్లి వీపు ఎక్కుతాయి. ఒక్కో సంచిలోంచి 60 నుంచి 80 పిల్లలు వస్తాయి. కొన్ని రోజులు వాటిని మోసుకుంటూనే తిరుగుతుంది. నాటు మడి ఒడ్డున చెట్టు కొమ్మకు ఉయ్యాల కట్టి పనిలోకి దిగే తల్లికి ఇది కొత్తగా తోచదు. మూడు నాలుగు నెలల బతుకులో ఒక్కో ఆడ సాలీడు 200 నుంచి 400 గుడ్లు పెడుతుంది. అంటే దాని ఆయుష్షు ఇంచుమించు ఒక వరి పంట కాలం.

దీని శాస్త్రనామం పార్డోసా సూడోఆన్యులాటా. 1906లో బోజెన్‌బెర్గ్, స్ట్రాండ్ అనే ఇద్దరి పేరిట, జపాన్ సాలీళ్ళ గురించిన గ్రంథంలో మొదటిసారి దీని వర్ణన అచ్చయింది. అప్పుడు దాన్ని టరంటులా ప్రజాతిలో చేర్చారు, తరువాత లైకోసాలోకి మార్చారు, చివరకు పార్డోసాలో నిలిచింది. పాత వ్యవసాయ కరపత్రాల్లో లైకోసా అని కనిపిస్తే వేరే ప్రాణి అనుకోవద్దు. మన దేశపు సాలీళ్ళ మీద బ్రిటిష్ కాలంలో పోకాక్ 1900లో ఒక పెద్ద గ్రంథం రాశాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పనిని మనవారే చేతిలోకి తీసుకున్నారు. తోడేలు సాలీళ్ళ మీద టికాదర్, మల్హోత్రా రాసిన సంపుటం 1980లో వెలువడింది. ఒక సాలీడు ఫలానా జాతిదేనని తేల్చడానికి వాళ్ళు రంగును నమ్మరు. ఆడదైతే పొట్ట అడుగున ఉండే జనన భాగాన్ని, మగదైతే నోటి పక్కన గుబ్బలా ఉండే చిన్న చేతులను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఒక జాతి తాళం ఇంకో జాతి తాళంచెవికి రాదన్నట్టు, ఆ భాగాలు జాతికొక తీరుగా ఉంటాయి. పిల్ల సాలీళ్ళలో అవి ఇంకా ఏర్పడవు కనుక పిల్లను చూసి జాతి చెప్పడం నిపుణులకే కష్టం.

పిల్ల కాదు, అదే పెద్దది

ఈ పిల్లల విషయంలోనే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. దుబ్బు మొదట్లో, నీటికి జానెడు లోపు ఎత్తులో, రెండు మూడు మిల్లీమీటర్ల సాలీళ్ళు గుంపుగా ఉంటాయి. చూసినవాళ్ళు "పిల్లలు" అనుకుని వదిలేస్తారు. అన్నీ పిల్లలు కావు. వాటిలో చాలావరకు పూర్తిగా ఎదిగిన మరుగుజ్జు సాలీళ్ళు ఉంటాయి. వరి పొలాల్లో పేరుపడ్డ మరుగుజ్జు జాతి అటిపీనా ఫార్మోసానా. తైవాన్ దీవి పాత పేరు ఫార్మోసా, 1977లో అక్కడి నమూనాలను చూసి జపాన్ శాస్త్రజ్ఞుడు ఓయి పేరు పెట్టాడు. తడి ఉన్నచోటనే ఉంటుంది. ఒక్క దుబ్బులో 30, 40 దాకా ఉండవచ్చు. వీపు వెనక భాగం మీద మూడు జతల బూడిద రంగు మచ్చలు. తోడేలు సాలీడు పిల్లయితే తల్లి వీపు దిగగానే ఉరుకుతుంది, వల కట్టదు. మరుగుజ్జు నెమ్మదిగా కదులుతుంది, నీటికి కొంచెం పైన దుబ్బు మొదలులోనే సన్నని చిన్న వల పరుస్తుంది. ఈ రెండు గుర్తులు చాలు.

పరిమాణం చూసి పనిని అంచనా వేయకూడదు. తోడేలు సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులను తింటుందని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క కట్టింది. మరుగుజ్జు రోజుకు నాలుగైదు పిల్ల దోమలను తింటుంది. దోమ కూర్చునేది దుబ్బు మొదట్లో, మరుగుజ్జు వల కట్టేదీ అక్కడే. ఆకు మీద కాళ్ళు నిడుపుగా చాపుకుని పుల్లలా పడుకునే పొడుగు దవడల సాలీడు ఇంకొకటి ఉంది, అది పై అంతస్తు కాపలా. కింద ఇద్దరు, పైన ఒకరు. జీతం అడగని ముగ్గురు.

సాలీడు అన్నిటికీ విరుగుడు అని మేం చెప్పడం లేదు. మొగి పురుగు కాండం లోపలికి దూరిన తరువాత సాలీడు దాన్ని ఏమీ చేయలేదు. రెక్కల పురుగుగా ఉన్నప్పుడు మాత్రం పట్టి తింటుంది. ఉల్లికోడు గొట్టం లోపలి పురుగుకూ ఇది మందు కాదు. ఆకలైతే మంచి పురుగులనూ తింటుంది, తన జాతినీ తింటుంది. కాని దోమ విషయంలో దీన్ని మించిన కాపలా లేదని చెప్పడానికి మాకు జంకు లేదు.

మందు కొడితే దోమ ఎందుకు పెరుగుతుంది

మందు కొట్టిన పది పదిహేను రోజులకు దోమ మునుపటికంటే ఎక్కువైందని చాలామంది రైతులు చెబుతారు. మందు కల్తీదని తిట్టుకుంటారు. కల్తీ జరగడం లేదని మేం అనం. కాని అసలు మందు కొట్టినా ఇదే జరగవచ్చు.

దోమ గుడ్లను బయట పెట్టదు. ఆకు మట్టను చీల్చి లోపల పెడుతుంది. పైన పడిన మందు ఆ గుడ్లను చంపదు. బయట తిరిగే దోమ చస్తుంది, దాంతోపాటు బయట తిరిగే సాలీడూ చస్తుంది. వారం పది రోజులకు మట్టలోని గుడ్లు పగిలి పిల్ల దోమలు వస్తాయి. వాటికి అప్పుడు పొలం ఖాళీ, కాపలా లేదు. దోమ నెల తిరగకుండానే కొత్త తరం తయారుచేస్తుంది, సాలీడుకు అంత వేగం లేదు. రెండో కారణం ఇంకా వింతైనది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చెల్లయ్య, హైన్‌రిక్స్ 1980లో ప్రచురించిన పరిశోధనలో, కొన్ని మందులు చావకుండా మిగిలిన దోమల్లో గుడ్లు పెట్టే శక్తిని పెంచుతున్నాయని తేలింది. ఆ మందుల్లో మిథైల్ పారాథియాన్ ఉంది, పైరెత్రాయిడ్ రకానికి చెందిన డెల్టామెత్రిన్ ఉంది. మిథైల్ పారాథియాన్‌ను మన ప్రభుత్వం 2018లో గాని నిషేధించలేదు. నడుమ 38 ఏళ్ళు. ఆ 38 ఏళ్ళూ డబ్బా మీద పురుగు చస్తుందనే రాసి ఉంది.

కేరళ కుట్టనాడులో 1973-74లో దోమ విరుచుకుపడింది. కొత్త వంగడాలు, దండిగా నత్రజని, ఎడతెగని వరి, విరివిగా మందు, ఇవన్నీ కలిసిన చోటల్లా ఆసియా దేశాల్లో అదే కథ. పంట సుడులు సుడులుగా ఎండుతుంది కనుకనే మనవాళ్ళు దీన్ని సుడిదోమ అన్నారు. ఫిలిప్పీన్స్ పొలాల్లో పీటర్ కెన్‌మోర్ చేసిన పరిశీలనలో, మందు పడని మళ్ళలో దోమ అదుపులో ఉండగా, మందు పడిన మళ్ళలో విపరీతంగా పెరిగింది. ఇండోనేషియా దీన్ని దెబ్బ తిన్నాక గ్రహించింది. మందుల ధరలో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వమే భరిస్తూ వచ్చిన ఆ దేశంలో 1986లో జావా దీవి వరి దోమ పాలయ్యే స్థితి వచ్చింది. ఆ ఏడాది నవంబరులో వరికి వాడే 57 రకాల మందులను ప్రభుత్వం నిషేధించింది. 1989 నాటికి మందుల సబ్సిడీని పూర్తిగా ఎత్తేసింది. వరి దిగుబడి పడిపోలేదు. ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన సుహార్తో ఎటువంటి పాలకుడో ఈ పేజీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ప్రజల మీద ప్రేమతో చేశాడని ఎవరూ అనుకోరు. ఖజానా ఖాళీ అవుతుంటే, బియ్యం కరువు వస్తుంటే అటువంటివాడు కూడా సాలీడు మాట వినక తప్పలేదు.

పంపు ఎవరి భుజాన

ఇక కూలీ సంగతి. సాలీడు నరాలను దెబ్బతీసే మందే మనిషి నరాలనూ దెబ్బతీస్తుంది, మోతాదులోనే తేడా. మందు కొట్టేవాడు మోకాటి లోతు నీళ్ళలో, ఎదురు గాలిలో, ముక్కుకు తువ్వాల చుట్టుకుని నడుస్తాడు. కారే పంపు వీపును తడుపుతుంది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ తరువాత పదేళ్ళకు, 1968లో, క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. 1971లో నియమాలు వచ్చాయి. రక్షణ దుస్తులు, వైద్య పరీక్షలు ఆ నియమాల్లో ఉన్నాయి. పొలంలో ఎక్కడ ఉన్నాయో ఎవరైనా చూపించాలి. ఆదిలాబాద్ సరిహద్దున పెన్‌గంగ దాటితే యవత్మాల్ జిల్లా. 2017లో అక్కడ పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా కూలీలు, రైతులు చనిపోయారు. వాళ్ళూ మనవాళ్ళ లాగే తువ్వాల చుట్టుకున్నవాళ్ళే.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది, దాన్ని దాటవేయకూడదు. మందు కొట్టుడు తగ్గితే ఆ కైకిలి పోతుంది గదా అని కూలీలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మందు కొట్టే పనికి మిగతా పనులకంటే నాలుగు రూపాయలు ఎక్కువ ముడతాయి. కాని ఆ పనిని ఇప్పటికే డ్రోను లాక్కుంటున్నది. కూలి పోయింది, విషం మాత్రం పొలంలోనే పడుతున్నది, మరునాడు కలుపుకు దిగే ఆడవాళ్ళ చేతులకు అంటుతున్నది. కనుక విషాన్ని మోసే కూలి కోసం కొట్లాడటం కంటే పొలం చూసే పనికి కూలి అడగడం మేలని మా అభిప్రాయం. వారానికొకసారి దుబ్బులు తట్టి దోమను, సాలీడును లెక్కపెట్టడం చదువుకున్నవాడే చేయాల్సిన పని కాదు. రోజంతా దుబ్బుల మధ్య వంగే మనిషికి అది ఎవరికంటే బాగా తెలుసు. ఊరికి ఇద్దరు ముగ్గురు కూలీలకు నేర్పి, ఆ పనికి ఉపాధి నిధుల్లోంచో, వ్యవసాయ శాఖ నుంచో కూలి ఇవ్వమని అడగవచ్చు. మందుల సబ్సిడీకి ఒక దేశం పోసిన డబ్బుతో పోలిస్తే ఇది చిల్లర.

దీనికి ఆధారం లేకపోలేదు. మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిన తరువాత 20 నుంచి 25 దోమలు దాటితేనే మందు ఆలోచన చేయమంటారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇంకో అడుగు ముందుకు వేసింది. సాలీడు లేకపోతే పిలకకు ఒక దోమ దాటితే మందు, దుబ్బుకు ఒక సాలీడు ఉంటే పిలకకు రెండు దోమల దాకా ఆగవచ్చని చెప్పింది. అంటే ఒక్క సాలీడు ఉంటే మందు కొట్టే హద్దు రెట్టింపు అవుతుందని విశ్వవిద్యాలయమే లెక్క కట్టింది. దుకాణం చీటీ మీద ఈ లెక్క ఎన్నడూ కనిపించదు. పెట్టుబడికి దుకాణం మీదనే ఆధారపడిన కౌలు రైతు ఆ చీటీని కాదనలేడు. ఇది అజ్ఞానం కాదు, అప్పు.

లెక్క హద్దు దాటిన రోజున ముందు చేయాల్సింది నీళ్ళు తీసి పొలాన్ని ఆరబెట్టడం. నాటు వేసేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు ఒక కాలిబాట వదిలి ఉంటే గాలి, వెలుతురు దుబ్బు మొదలుకు తగులుతాయి. గుత్తకు నాటేటప్పుడు ఈ బాట వదలడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయానికి కూలి కలపాలి, ఉత్త మాటతో బాటలు పడవు. ఇంత చేసినా తప్పదంటే, పిల్ల దోమ మీద పనిచేస్తూ సాలీడుకు తక్కువ హాని చేసే బుప్రోఫెజిన్ వంటిది దుబ్బు మొదలుకు పడేట్టు కొట్టాలి. పైరెత్రాయిడ్ రకాలు మాత్రం వరిలో దోమకు ముట్టుకోరాదు. గుళికల పేరుతో ఏళ్ళ తరబడి చల్లిన ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఎక్కడైనా పాత సరుకు అమ్మజూపితే కొనవద్దు, నలుగురికీ చెప్పండి.

నాటు వేసిన మొదటి 30, 40 రోజులు అన్నిటికంటే ముఖ్యం. అప్పటికి దోమ ఉండదు, మరి సాలీడు ఏం తిని బతుకుతుంది? జావా పొలాల్లో సెటిల్ బృందం 1996లో ప్రచురించిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. పెంట, కుళ్ళిన ఆకు, కొయ్యకాలు నీటిలో చివికితే వాటి మీద చిన్న చిన్న ఈగలు, నీటి పురుగులు పుడతాయి. సాలీళ్ళు మొదట వాటిని తిని పెరుగుతాయి. దోమ వచ్చేనాటికి కాపలా సిద్ధంగా ఉంటుంది. పెంట తగ్గి, కొయ్యకాలు కాల్చి, నాటిన ఇరవై రోజులకే గుళికలు చల్లితే ఆ మొదటి తిండి పోతుంది, దాన్ని తినేదీ పోతుంది.

కోత మిషన్ దిగిన రోజున సాలీళ్ళు ఒడ్ల మీదికి, గడ్డిలోకి పోతాయి. ఒడ్డు మీద గడ్డి మందు కొట్టి ఎర్రగా మాడ్చి ఉంటే వాటికి చోటు లేదు. కనీసం ఒక వైపు ఒడ్డు పచ్చగా ఉంచి, నాలుగు గడ్డి కట్టలు తడి తగిలే చోట వేస్తే తరువాతి నాటు దాకా అందులో తలదాచుకుంటాయి. ఉన్నాయో లేవో చూడాలంటే పగలు గడ్డి చిందరవందర చేయనక్కర్లేదు. రాత్రి కరెంటు మోటారుకు పోయినప్పుడు టార్చిలైటును నుదుటి దగ్గర పట్టుకుని ఒడ్డు వెంబడి వెలుతురు పారించండి. తోడేలు సాలీడు కళ్ళు ఆ వెలుతురుకు మంచు బొట్టులా తళుక్కుమంటాయి. మంచు బొట్టయితే కదలదు, సాలీడయితే కదులుతుంది. లెక్కపెట్టుకోండి.